రోమా 1:16ని టోపీల మీద రాసుకున్న కుర్రాళ్లు

"సువార్తను గూర్చి నేను సిగ్గుపడువాడను కాను. ఏలయనగా నమ్ము ప్రతివానికి, మొదట యూదునికి, గ్రీసుదేశస్థునికి కూడ రక్షణ కలుగజేయుటకు అది దేవుని శక్తియై యున్నది." (రోమా 1:16)

మనకు నూట పదహారు అనగానే పెళ్లి చదివింపులు గుర్తొస్తాయి. అమెరికాలో క్రైస్తవ ర్యాప్ వినే కుర్రాళ్లకు మాత్రం 116 అంటే పైనున్న ఈ వాక్యమే. రోమా పత్రిక ఒకటో అధ్యాయం, పదహారో వచనం. లెక్రే అనే ర్యాపర్ బెన్ వాషర్ అనే మిత్రుడితో కలిసి 2004లో రీచ్ రికార్డ్స్ మొదలుపెట్టాడు. అందులో పాడేవాళ్ల బృందానికి 116 క్లిక్ అని పేరు పెట్టుకున్నారు. టీషర్టుల మీద, టోపీల మీద ఆ అంకె వేయించుకుని తిరిగారు.

ఈ వాక్యం ధ్యానించినప్పుడల్లా నాకు ఒక ప్రశ్న వస్తుంది. "మేము సిగ్గుపడం" అని ఆ పిల్లలు ఎవరితో అంటున్నారు? వీధిలో తోటి ర్యాపర్లతో అంటున్నారు, అది తెలిసిందే. తుపాకులు, డబ్బు, అమ్మాయిల గురించి పాడే చోట యేసు పేరెత్తితే నవ్వుతారు. కానీ వాళ్లు మందిరంలోకి వచ్చినప్పుడు కూడా నవ్వినవాళ్లున్నారు, మొహం తిప్పుకున్నవాళ్లున్నారు. అక్కడ అడ్డొచ్చింది యేసు పేరు కాదు. వీళ్ల ప్యాంట్లు, వీళ్ల భాష, వీళ్ల బీట్.

పౌలు ఈ మాట రాసింది రోమ్‌లో ఉన్న సంఘానికి. చక్రవర్తి ఉండే ఊరది. సిలువ మీద చావడం అంటే బానిసలకు, తిరుగుబాటుదారులకు వేసే శిక్ష. అలా చచ్చిన యూదుణ్ణి ప్రభువు అని ఆ ఊళ్లో చెప్పాలంటే ఎవరికైనా నోరు తడబడుతుంది. పౌలు తడబడలేదు. అంతకు రెండు వచనాల ముందే ఆయన ఇంకో మాట రాశాడు, దాన్ని మనం తొందరగా దాటేస్తాం: "గ్రీసుదేశస్థులకును గ్రీసుదేశస్థులు కాని వారికిని, జ్ఞానులకును మూఢులకును నేను ఋణస్థుడను." నాగరికులు అనిపించుకున్నవాళ్లకూ బాకీ, మొరటువాళ్లని పేరుపడ్డవాళ్లకూ బాకీ. ఈ బాకీని పక్కన పెట్టి సిగ్గుపడను అన్న మాట ఒక్కటే చదివితే అది ఒట్టి ధైర్యప్రకటనలా వినిపిస్తుంది. రెండూ కలిపి చదివితే మన సంఘాలకు లెక్క అప్పజెప్పాల్సిన పని పడుతుంది.

ర్యాప్‌కు పుట్టిల్లయిన హిప్‌హాప్ సంస్కృతి మొదలైన చోటు ఎలాంటిదో కాస్త చూద్దాం. న్యూయార్క్‌లోని బ్రాంక్స్. పెద్ద రహదారి కోసం పేటల మధ్యలోంచి దారి కొట్టారు, వేల కుటుంబాలు చెదిరిపోయాయి. 1970ల్లో అద్దెలు గిట్టుబాటు కాని యజమానులు ఇన్సూరెన్స్ డబ్బు కోసం సొంత బిల్డింగులనే తగలబెట్టించారు. అలాంటి రోజుల్లో, 1973 ఆగస్టు 11న, సెడ్జ్‌విక్ అవెన్యూలోని 1520 నంబరు అపార్ట్‌మెంట్లో సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయి స్కూలుకు కొత్త బట్టలు కొనుక్కోవడానికి ఒక పార్టీ పెట్టింది. ఆడపిల్లలకు 25 సెంట్లు, మగపిల్లలకు 50. పాటలు వేసింది వాళ్లన్నయ్య, జమైకా నుంచి వచ్చిన డీజే కూల్ హెర్క్. పాటలో గొంతులు ఆగి డ్రమ్స్ మాత్రమే మోగే కొన్ని సెకన్లు ఉంటాయి కదా, డాన్స్ చేసేవాళ్లు దానికోసమే కాచుకుని ఉంటారని హెర్క్ గమనించాడు. ఒకే రికార్డు రెండు ప్రతులు రికార్డులు తిప్పే రెండు యంత్రాల (టర్న్‌టేబుళ్ల) మీద పెట్టి, ఒకదాంట్లో ఆ ముక్క అయిపోగానే రెండోదాన్ని వెనక్కి తిప్పి మళ్లీ అదే ముక్క వేసేవాడు. కొన్ని సెకన్ల సంతోషాన్ని కొన్ని నిమిషాలు సాగదీశాడు. కాలిపోతున్న పేటలో ఉన్న పిల్లలకు అది ఎంత అవసరమో ఊహించండి.

ఆ పిల్లల్లో చాలామంది అమ్మమ్మలు ఆదివారం మందిరానికి వెళ్లేవాళ్లే. నల్లవారి సంఘాల్లో పాస్టరు ప్రసంగం మామూలుగా మొదలై, పోనుపోను లయ అందుకుని, చివరికి సగం మాట సగం పాట అయిపోతుంది. ఆయన ఒక ముక్క అంటే సంఘం ఆమెన్ అని అందుకుంటుంది, ఆ ఆమెన్ మీద నిలబడి ఆయన ఇంకో మెట్టెక్కుతాడు. మైకు పట్టుకుని జనంతో మాట పలికించుకోవడం ర్యాపర్లు ఎక్కడో కొత్తగా కనిపెట్టింది కాదు. అందుకే ఈ గొడవ ఒకే ఇంట్లో తల్లికీ బిడ్డకూ మధ్య నడిచిన గొడవ అని నేను నమ్ముతాను.

ఇది మొదటిసారి కూడా కాదు. థామస్ డోర్సీ జార్జియాలో 1899లో ఒక బోధకుడి కొడుకుగా పుట్టి, జార్జియా టామ్ పేరుతో బ్లూస్ అనే నల్లవారి లౌకిక సంగీతం పియానో మీద వాయించి పేరు తెచ్చుకున్నాడు. అదే బాణీలో యేసు పాటలు రాసి మందిరాలకు తీసుకెళ్తే బయటికి పంపారు, బార్లలో వాయించే సంగీతం ఇక్కడికి తెస్తావా అన్నారు. 1932లో కాన్పులో ఆయన భార్య చనిపోయింది, ఆ వెంటనే బిడ్డా చనిపోయాడు. ఆ దుఃఖంలో ఆయన రాసిన ప్రార్థన పాట ఇవాళ ప్రపంచమంతా సమాధి కార్యక్రమాల్లో పాడతారు. తర్వాత చికాగోలోని పిల్‌గ్రిమ్ బాప్టిస్ట్ చర్చిలో దశాబ్దాల పాటు క్వయర్ నడిపించాడు. ఒకనాడు గెంటేసిన ఆ సంగీతాన్నే ఇప్పుడు గాస్పెల్ అంటున్నాం, పాత పద్ధతి ఆరాధన అంటే అదే అనుకుంటున్నాం.

న్యూయార్క్‌లోని నల్లవారి పేట హార్లెమ్‌లో 1993 జూన్‌లో జరిగింది మరీ బాధాకరం. అబిసీనియన్ బాప్టిస్ట్ చర్చి పాస్టరు కాల్విన్ బట్స్ స్త్రీలను అవమానించే, హింసను గొప్పగా చెప్పే ర్యాప్ క్యాసెట్లు, సీడీలు తెచ్చి ఇమ్మని అడిగారు. అన్నీ పెట్టెల్లో చేరాయి. వాటిని తొక్కించడానికి రోడ్డు రోలర్ తెప్పించారు. తీరా చూస్తే రోలర్ ముందు అదే పేట కుర్రాళ్లు అడ్డంగా నిలబడ్డారు. చివరికి ఆ పెట్టెలను మన్‌హాటన్‌లో, ర్యాప్ రికార్డులు అమ్మే సోనీ కంపెనీ బిల్డింగు ముందుకు తీసుకెళ్లి పడేశారు.

ఆ పాస్టరు గారిని నేను తప్పుపట్టలేను. ర్యాప్ అంతటికీ తాను వ్యతిరేకం కాదని ఆయనే చెప్పారు. తన సంఘంలోని ఆడపిల్లలను బూతు మాటలతో పిలిచే పాటలు వీధి వీధినా మోగుతుంటే చూస్తూ ఊరుకునే కాపరి కాపరే కాదు. డబ్బు చేసుకునే కంపెనీ గుమ్మం దాకా ఆ కోపాన్ని తీసుకెళ్లారు, అది కూడా సరైన చోటే. అయినా ఆ రోలర్ ముందు నిలబడ్డ పిల్లల మీద నుంచి నా మనసు పోవడం లేదు. వాళ్లకు అర్థమైంది ఒక్కటే: మా గొంతును తొక్కించడానికి దేవుడి మనిషి యంత్రం తెచ్చాడు. మనం పాపాన్ని ఖండిస్తున్నాం అనుకుంటాం. ఎదుటివాడు, నన్నే వద్దంటున్నారు అనుకుని వెళ్లిపోతాడు. ఒకసారి వెళ్లిపోయినవాణ్ణి వెతకడానికి ఎవరు వెళ్లారు?

కొందరు వెళ్లారు. ఓక్లహోమాకు చెందిన స్టీఫెన్ వైలీ 1985లోనే పిల్లలకు బైబిలు కథలు ర్యాప్‌లో చెప్పాడు. 1990ల్లో ఫిలడెల్ఫియా నుంచి క్రాస్ మూవ్‌మెంట్ బృందం వచ్చింది. త్రిత్వం, ప్రాయశ్చిత్తం, పునరుత్థానం లాంటి సిద్ధాంతాలను వాళ్లు ఎంత ఒత్తుగా పాటల్లో పేర్చారంటే, కొన్ని ఆదివారపు ప్రసంగాల్లో కూడా అంత వాక్యం ఉండదు. తొలి తరం ర్యాప్ స్టార్లలో ఒకడైన కర్టిస్ బ్లో సువార్త సేవకుడై, హార్లెమ్‌లో హిప్‌హాప్ చర్చి అనే ఆరాధనకు చేయి వేశాడు. లెక్రే ఆల్బమ్‌కు 2013లో గాస్పెల్ విభాగంలో గ్రామీ వచ్చింది, మరుసటి ఏడాది ఆయన ఆల్బమ్ బిల్‌బోర్డ్ 200 అనే అమెరికా ఆల్బమ్‌ల జాబితాలో మొదటి స్థానంలో నిలిచింది. ఆ 2013లోనే ఒక క్రైస్తవ సదస్సు వేదిక మీద కొందరు పెద్దలు క్రైస్తవ ర్యాపర్ల గురించి మాట్లాడుతూ, వీళ్లు అవిధేయులైన పిరికివాళ్లు అనేదాకా వెళ్లారు. ఆ మాట అన్నాయన తర్వాత క్షమాపణ చెప్పుకున్నారు, అది మెచ్చుకోదగ్గది.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది మాత్రం ఆ తర్వాత జరిగింది. లెక్రే సువార్త పాడినంతకాలం తెల్లవారి సంఘాలు చప్పట్లు కొట్టాయి, యూత్ మీటింగులకు పిలిచాయి. 2014లో ఫెర్గూసన్‌లో పోలీసు కాల్పుల్లో ఒక నల్లజాతి కుర్రవాడు చనిపోయాక ఆయన తన జాతి బాధ గురించి మాట్లాడడం మొదలుపెట్టాడు. 2016 జూలై 4న, దేశమంతా స్వాతంత్ర్య దినం జరుపుకుంటుంటే, పత్తి చేలో ఉన్న బానిసల ఫొటో పెట్టి, 1776 జూలై 4న మా కుటుంబం ఇదీ అని రాశాడు. అప్పటిదాకా అన్నా అన్నవాళ్లే తిట్టారు. నువ్వు సువార్త చెప్పు చాలు, ఇవన్నీ నీకెందుకు అన్నారు.

బీట్‌ను రానిచ్చాం, ఏడుపును రానివ్వలేదు. హిప్‌హాప్ మొదటి నుంచీ చెబుతున్నది మా పేటలో ఇలా జరుగుతోంది అనే కబురు. అది వినకుండా లయ ఒక్కటే తీసుకుని యువకులను పట్టే గాలంగా వాడుకుంటే ఆ పిల్లలకు మనం బాకీ తీర్చినట్టు కాదు. దావీదు ఇలా మొరపెట్టాడు: "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు? నిత్యము మరచెదవా?" (కీర్తన 13:1). ఇంత నిష్ఠూరమైన మాటను దేవుడు తన గ్రంథంలోంచి తీసేయలేదు. పాటల పుస్తకంలోనే ఉంచాడు, సంఘమంతా కలిసి పాడుకొమ్మని.

ఇది అమెరికా గొడవే కదా అనుకోవద్దు. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర ఉన్న కాలంలో, 1878 జూలై 3న, ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు. ఆ ఉద్యమంలో విశ్వాసులు పాటించిన కట్టుబాట్లలో ఊరి జాతరల్లో డప్పు కొట్టకూడదు అన్నది ఒకటి. దానికోసం ఊరి పెద్దల చేతిలో వాళ్లు నానా బాధలు పడ్డారు. కొట్టమన్నప్పుడల్లా కొట్టాల్సిన వెట్టిచాకిరి అది, పైగా విగ్రహాల ముందు. కాబట్టి డప్పు దించడం వాళ్లకు నిజంగా విడుదలే, అందులో నాకు సందేహం లేదు. కానీ తాతకు వెట్టి అయిన డప్పే ఇవాళ మనవడికి ఆత్మగౌరవం అయింది. ఆ మనవడు క్రిస్మస్‌కు డప్పు తెస్తానంటే ఇప్పటికీ కొన్ని మందిరాల్లో ముఖాలు చిట్లిస్తారు. పురుషోత్తమ చౌదరి గారు పందొమ్మిదో శతాబ్దంలో కర్ణాటక రాగాల్లో కట్టిన కీర్తనలు మనకు ప్రాణం, నేనూ వాటితోనే పెరిగాను. ఆ రాగాలూ గుళ్లలో వేరే దేవుళ్లకు పాడినవే కదా, వాటిని సాక్ష్యం చెప్పమని ఎవరూ నిలదీయలేదు. మరి డప్పునెందుకు నిలదీస్తున్నాం? శబ్దం వల్లనా, అది పట్టుకున్న చేతుల వల్లనా? దేవుని ఎదుట మనం దాచలేని ప్రశ్న ఇది.

సువార్త గురించి సిగ్గుపడం అని గట్టిగా పాడే మనం, ఆ సువార్త విని లోపలికి వచ్చిన మనుషులను చూసి సిగ్గుపడుతున్నాం. పౌలు మాటలో "నమ్ము ప్రతివానికి" అని ఉంది. నమ్మి, ఆపై మనలా మాట్లాడడం నేర్చుకున్నవానికి అని లేదు.

అలాగని ఏది తెచ్చినా స్టేజీ ఎక్కించమని నేను అనను. పాట రాసినవాడి బతుకు, పాటలోని వాక్యం రెండూ చూడాల్సిందే. తనను తాను పొగుడుకోవడం ర్యాప్‌లో పెద్ద శోధన, ఎదుటివాణ్ణి మాటలతో చిత్తు చేయడం ఇంకోటి. కొత్తగా మారిన కుర్రాణ్ణి నాలుగు రోజుల్లో స్టార్‌ను చేయడం వాడి ఆత్మకే ప్రమాదం. లెక్రే లాంటి వాళ్లు నిలబడింది ఎవరో పెద్దలు కూర్చోబెట్టి వాక్యం నేర్పబట్టే.

మీ సంఘంలో ఫోన్లో బీట్ పెట్టుకుని ఏదో గొణుక్కుంటూ వెనక బెంచీలో కూర్చునే పిల్లవాడు ఉండే ఉంటాడు. పాస్టరు గారూ, సంఘ పెద్దలారా, ఈ వారం ఆరాధన అయ్యాక వాణ్ణి ఒక పది నిమిషాలు ఆపండి. "ఏం రాశావు నాన్నా, వినిపించు" అనండి. మధ్యలో ఆపకుండా చివరిదాకా వినండి. వాక్యానికి తేడా ఉన్న చోట బైబిలు తెరిచి చూపించండి. ఇంట్లో సంగతులు, వీధిలో సంగతులు వాడు అందులో పెట్టి ఉంటే వాటిని కొట్టేయమనకండి. ఆ పదమూడో కీర్తన చదవమని ఇవ్వండి. ఆరు వచనాలే. దావీదు ఏడుపుతో మొదలుపెట్టి స్తుతి దాకా ఎలా వచ్చాడో చూసుకుని, తన బాణీలో మళ్లీ రాసి పట్టుకు రమ్మనండి.