నాన్న ఫోమ్ డబ్బా

స్కేలుతో నురగ గీకేదాకా నాకే నమ్మకం లేదు. గీకేసరికి కింద కార్డు మీద నీలం, పసుపు కలిసిపోయి అచ్చం నెమలి ఈక!

షేవింగ్ ఫోమ్ మార్బ్లింగ్ అంటారు దీన్ని. పళ్లెంలో వేలు మందాన ఫోమ్ పరిచి, పైన ఫుడ్ కలర్ చుక్కలు వేసి, అగరుబత్తి పుల్లతో అటూ ఇటూ లాగి, కార్డు ఆనించి తీయడమే. రంగు చాలావరకు నురగ పైనే నిలుస్తుంది, కాగితం తాకగానే పీల్చేసుకుంటుంది.

మొదటి మూడూ బురద. ఎక్కువ తిప్పేశాను. ముగ్గులేసే చెయ్యి కదా, ఒక పట్టాన ఆగదు. నాలుగోదానికి నాలుగు గీతలు గీసి, పుల్ల అవతల పడేశా.

హన్మకొండ చౌరస్తాలో ముచ్చటపడి కొన్న మెరిసే షీట్లు అసలు రంగే పట్టలేదు. చివరికి తమ్ముడి డ్రాయింగ్ బుక్కులోని గరుకు కాగితమే దిక్కైంది.

ఇంతలో బాత్రూంలోంచి నాన్న: "నా ఫోమ్ డబ్బా గింత అల్కగైందేందే బిడ్డా?"

నేను పలకలేదు.

ఈసారి బతుకమ్మకు రాలేనన్న అక్కకు పంపాలి ఈ కార్డు. లోపల ఏం రాయాలో ఇంకా తోచలేదు. వేళ్ల నీలం మాత్రం పోలేదు. అన్నం కలుపుతుంటే అమ్మ నా చేతినే చూస్తోంది.