బురద చూడ్డానికి ఇంత దూరం

"ఇదేనా నువ్వు చెప్పిన నీళ్లు?" అన్నారు మా ఆయన.

తప్పు నాదే. ఫ్రాన్స్ పడమటి తీరంలోని రొయాఁ నుంచి కారులో అరగంటైనా పట్టదు కదా అని, పోటు వేళ చూసుకోకుండా బయల్దేరదీశాను. తల్మోఁ ఊళ్లోకి కార్లు రానివ్వరు. బయట ఆపేసి, నడిచి, కోటగోడ మీంచి తొంగిచూస్తే కింద బూడిదరంగు బురద! గరోన్, దొర్దోన్ నదులు కలిసి జిరోండ్ అవుతాయి. అక్కణ్ణుంచి సముద్రం దాకా దాదాపు 75 కిలోమీటర్లు ఈ నది మొగే. ఆటుకు నీళ్లు వెనక్కి పోయి ఒండ్రు బయటపడుతుంది.

పోటు వచ్చేలోపు ఊరు చూద్దామంటే ఎంతసేపు? 1284లో ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డ్ వేయించిన ఊరు. అప్పట్లో ఈ ప్రాంతానికి డ్యూకు కూడా ఆయనే. గళ్లపుస్తకంలా తిన్నని సందులు, గోడల మొదట్లో రాళ్ల మధ్యనుంచి మనిషెత్తు లేచిన హాలీహాక్ పూలు. మందారానికి చుట్టాలవి, చూడగానే తెలిసిపోతుంది.

చర్చి దగ్గర మాత్రం చాలాసేపు ఉండిపోయాం. సున్నపురాయి గట్టు అంచున 12వ శతాబ్దపు కట్టడం. పడమటి వైపు కొంత ఎప్పుడో గట్టుతోపాటు నీళ్లలోకి జారిపోయిందట. మిగిలినంతవరకు గోడ కట్టి మూసేశారు. అందుకే ముందు నుంచి చూస్తే మొండిగా ఉంటుంది. లోపల పైనుంచి చిన్న ఓడబొమ్మ వేలాడుతోంది, నావికుల మొక్కుబడి. చర్చి పేరు సెయింట్ రాదెగోండ్‌ది. ఆరో శతాబ్దపు రాణి, భర్తను వదిలేసి సన్యాసిని అయింది. ఈ మాట చెప్పాక మా ఆయన బురద ఊసెత్తలేదు.

బయటికొచ్చేసరికి నీళ్లు ఎక్కుతున్నాయి, పాలు కలపగానే టీ మారే ఆ రంగులో. ఒడ్డు పొడవునా పొడవాటి కర్రల మీద చేపల గుడిసెలు. వాటికి ముందు నలుచదరపు వల. ఇందాకటిదాకా బురద మీద ఊరికే వేలాడింది. ఇప్పుడొక పెద్దాయన చక్రం తిప్పి దాన్ని దింపాడు. కాసేపాగి లేపాడు. రెండు రొయ్యలు.

"పదండి, వెళ్దాం," అన్నాను.

"ఉండవే, మళ్లీ దింపుతున్నాడు," అన్నారాయన, గోడ మీద కూచుంటూ.