గాలి సరేనన్నాకే పారాసెయిలింగ్

సెలవులకి సముద్రం ఒడ్డున ఉన్న ఊరికి వెళ్లొచ్చిన దగ్గర్నుంచి అందరూ ఒకటే అడుగుతున్నారు, పారాసెయిలింగ్ ఎలా ఉంది, భయం వేయలేదా అని. బోటుకి తాడుతో కట్టిన పారాచూట్ కింద కూర్చుని, బోటు లాగుతుంటే సముద్రం మీద గాల్లో ఎగరడమే పారాసెయిలింగ్. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పేకంటే ఇక్కడ వివరంగా రాసేస్తే రేపు వెళ్లాలనుకునేవాళ్లకి కూడా పనికొస్తుంది. ఒక్క ముక్కలో చెప్పాలంటే అద్భుతంగా ఉంది. కానీ అద్భుతం అనేసి ఊరుకుంటే సగమే చెప్పినట్టు, ఎందుకంటే పైన మనం అంత హాయిగా ఉండాలంటే కింద బోటులో ఉన్నవాళ్లకి గాలి గురించి ఎంత తెలిసుండాలో, ఎంత ఓపిక ఉండాలో నాకు అక్కడికి వెళ్లాకే అర్థమైంది.

ముందుగా బుక్ చేసుకున్న రోజున మమ్మల్ని ఎగరనివ్వలేదు. ఎండ బాగా కాస్తోంది, ఆకాశంలో చిన్న మబ్బు కూడా లేదు, ఒడ్డున నిలబడితే గాలి హాయిగానే తగులుతోంది, అయినా బోటు నడిపే ఆయన సముద్రం వైపు కాసేపు చూసి ఈ రోజు కుదరదు, రేపు పొద్దున్నే రండి, రాలేకపోతే డబ్బులు వాపసు ఇచ్చేస్తాం అన్నాడు. వరసలో ఉన్నవాళ్లలో కొందరు గట్టిగానే గొడవపడ్డారు. అక్క నన్ను పక్కకి లాగి, "ఎగిరితే వీళ్లతోనే ఎగురుదామే, వచ్చిన డబ్బు వదులుకుని వద్దని చెప్పేవాళ్లు ఎంతమంది ఉంటారు?" అంది. మా అక్క ఏదైనా మొదలుపెట్టే ముందు వంద ప్రశ్నలు వేసే మనిషి. ఆ రోజు ఆయన్ని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

ఆ సాయంత్రం రూమ్‌లో కూర్చుని ఇద్దరం గాలి గురించే చదివాం. తెలిసిన మొదటి విషయానికే నేను ఆగిపోయాను. గాలి వేగం రెండింతలు అయితే పారాచూట్ మీద పడే బలం రెండింతలు కాదు, నాలుగింతలు అవుతుంది. అంటే గంటకి 15 కిలోమీటర్ల గాలిలో సుఖంగా లాగుతున్న తాడు, గాలి 30కి చేరేసరికి పూర్తిగా వేరే పరిస్థితిలో ఉంటుంది. పైగా నేల, నీళ్ల రాపిడి వల్ల కింద గాలి కాస్త నెమ్మదిగా ఉంటుంది, పైకి వెళ్లేకొద్దీ దాని వేగం పెరుగుతుంది. ఇసుకలో నిలబడి మనకి హాయిగా అనిపించిన గాలి, వంద మీటర్ల ఎత్తులో అదే గాలి కాదన్నమాట. ఇంకో గమ్మత్తు, సముద్రాన్ని చూసి గాలిని అంచనా వేయొచ్చు. నావికులు వాడే బోఫర్ట్ కొలమానం ప్రకారం అక్కడక్కడ అలల తలలు తెల్లగా విరుగుతుంటే గాలి గంటకి 12 నుంచి 19 కిలోమీటర్ల మధ్య ఉన్నట్టు, ఎటు చూసినా తెల్లటి తలలే కనిపిస్తుంటే 30 దరిదాపుల్లోనో ఇంకా పైనో ఉన్నట్టు. బోటాయన కళ్లు చికిలించి దూరంగా చూసింది ఆ తెల్లదనాన్నే అయ్యుంటుంది.

అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం 2014లో దీనికోసం చట్టమే తెచ్చింది. గాలి గంటకి 20 మైళ్లు, అంటే సుమారు 32 కిలోమీటర్లు దాటి నిలకడగా వీస్తున్నా, విసురు గాలులు 25 మైళ్లు దాటినా, ఏడు మైళ్ల లోపు ఎక్కడైనా మెరుపులు ఉన్నా బోటు మనుషుల్ని ఎగరేయకూడదు. వాన వల్లో పొగమంచు వల్లో అర మైలు దూరం కూడా కనిపించకపోయినా అంతే. అదే ఏడాది ఆ దేశపు జాతీయ రవాణా భద్రతా బోర్డు పారాసెయిలింగ్ ప్రమాదాల మీద ప్రత్యేకంగా ఒక నివేదిక ఇచ్చింది. అందులో మళ్లీ మళ్లీ కనిపించేవి ఎక్కువైన గాలి, తెగిన తాడు. నాకు నిజంగా కావాల్సిన సమాచారం అదే. ఏది ప్రమాదమో తెలియనప్పుడు అన్నిటికీ భయపడతాం. అది తెలిశాక దేన్ని చూసుకోవాలో తెలుస్తుంది.

తాడు తెగితే ఏమవుతుందన్నది అందరికీ వచ్చే అనుమానమే. రాయిలా కింద పడిపోం. పైన పారాచూట్ విచ్చుకునే ఉంటుంది కాబట్టి నెమ్మదిగా దిగుతాం. అసలు సమస్య ఎటు దిగుతామన్నది. గాలి ఒడ్డు వైపు వీస్తుంటే, మనం ఒడ్డుకి దగ్గరగా ఎగురుతుంటే, భవనాలూ కరెంటు తీగలూ ఉన్న వైపుకి కొట్టుకుపోతాం. అందుకే మంచి బోటువాళ్లు తీరానికి చాలా దూరం వెళ్లాకే పైకి వదులుతారు. నీళ్లలో దిగినా గాలి ఎక్కువగా ఉంటే పారాచూట్ ముడుచుకోకుండా మనిషిని ఈడ్చుకుపోతుంది. లైఫ్ జాకెట్ ఉందిలే అని ధైర్యపడటానికి లేదు. ఎలా చూసినా మళ్లీ గాలి దగ్గరికే వస్తాం.

మర్నాడు పొద్దున్నే వెళ్లాం. పొద్దుటిపూట గాలి సాధారణంగా నెమ్మదిగా ఉంటుంది. ఎండెక్కేకొద్దీ నేల సముద్రం కంటే త్వరగా వేడెక్కుతుంది, దాని మీది గాలి పైకి లేస్తుంది, ఆ ఖాళీలోకి సముద్రం మీది గాలి వస్తుంది, మధ్యాహ్నానికి బలం పుంజుకుంటుంది. కుదిరితే ఉదయం స్లాట్ తీసుకోండి, ఎండ బాధ కూడా తక్కువ.

బోటు వెనక భాగం, అంటే డెక్, చదునుగా అరుగులా ఉంది, మధ్యలో పెద్ద డ్రమ్ముకి తాడు చుట్టి ఉంది. దాన్ని వించ్ అంటారు. తాడుని వదలడం, మళ్లీ చుట్టడం దాని పనే. పారాసెయిలింగ్ మొదట్లో ఇలా ఉండేది కాదట. 1960ల మొదట్లో ఫ్రాన్స్‌కి చెందిన పియర్ మార్సెల్ లెమోయిన్ అనే ఇంజినీరు, లాగుతుంటే పైకి లేచేలా చీలికలు పెట్టిన పారాచూట్ తయారుచేశాడు. మామూలు పారాచూట్ గాలిని ఆపి మనల్ని నెమ్మదిగా దించుతుంది, దీని చీలికల్లోంచి గాలి వెనక్కి తన్నుకుంటూ పోవడం వల్ల ఇది ముందుకీ పైకీ కదులుతుంది, మొత్తం మీద మనిషిని మోసే గాలిపటం. అప్పట్లో ఇసుకలో పరుగెత్తి లేవాలి, దిగేటప్పుడు ఇసుకలోనో నీళ్లలోనో దిగాలి. ఇప్పటికీ కొన్ని బీచ్‌లలో అలాగే చేస్తారు. 1970ల్లో బోటు మీదే వించ్ పెట్టే పద్ధతి వచ్చాక డెక్ మీంచి లేచి మళ్లీ డెక్ మీదకే దిగడం కుదిరింది. నా మటుకు నాకు వించ్ బోటే నయం. మనుషుల మధ్యలోంచి పరుగెత్తే పని లేదు, కాలు బెణికే భయం లేదు.

మనల్ని పారాచూట్‌కి కట్టి ఉంచే పట్టీల హార్నెస్ తొడిగారు. తొడల కింద వెడల్పు పట్టీ వస్తుంది, కూర్చున్నట్టే ఉంటుంది. అక్క ప్రతి క్లిప్పూ లాగి చూసుకుంది, నావి కూడా లాగి చూసింది. బోటులో ఉన్న కుర్రాడు నవ్వకుండా, విసుక్కోకుండా ఒక్కోటీ ఎలా మూసుకుంటుందో చూపించాడు. కింద నుంచి వాళ్లు చేసే చేతి సైగలు ఏవి, మేం చేయాల్సిన సైగలు ఏవి, ఒకవేళ నీళ్లలో దిగితే కంగారు పడకుండా ఏం చేయాలి, అన్నీ చెప్పాడు. ఇద్దరం పక్కపక్కన కలిసే ఎగిరాం. బరువు మరీ తక్కువైతే పారాచూట్ నిలకడగా ఉండదు, మరీ ఎక్కువైతే లేవదు, అందుకే ఆ రోజు గాలిని బట్టి ఎవరు ఒంటరిగా వెళ్లాలి, ఎవర్ని జత చేయాలి అన్నది వాళ్లే నిర్ణయిస్తారు.

బోటు వేగం అందుకుంది, వెనక పారాచూట్ నిండుగా విచ్చుకుంది, డెక్ మీద కూర్చున్నవాళ్లం ఎప్పుడు లేచామో కూడా తెలియలేదు. కుదుపు ఉంటుందని టెన్షన్ పడుతూ పిడికిళ్లు బిగించాను, అలాంటిదేమీ లేదు. కాళ్ల కింద ఉన్న డెక్ మెల్లగా దూరమైపోతోంది, అంతే. బోటు చిన్నదవుతోంది, దాని వెనక తెల్లటి నురగ గీత పొడుగవుతోంది, తాడు వంపు తిరిగి కిందకి వెళ్తోంది.

ఇంజిన్ చప్పుడు తగ్గిపోవడం నేను అస్సలు ఊహించలేదు. కింద ఒకరి మాట ఒకరికి వినపడనంత గోల, పైన అక్కా నేనూ మామూలు గొంతుతో మాట్లాడుకున్నాం. పట్టీల దగ్గర గాలి సన్నగా ఈల వేస్తుంది, అది తప్ప ఇంకేం లేదు.

భయం సంగతి. నాకు ఎత్తైన మేడ మీద పిట్టగోడ దగ్గరికి వెళ్లాలంటే కాళ్లు వణుకుతాయి. ఇక్కడ ఆ వణుకు రాలేదు. మేడ మీద అంచు ఉంటుంది, గోడ కిందకి జారుతూ నేల దాకా కనిపిస్తుంది, ఎంత ఎత్తులో ఉన్నామో కన్ను కొలుస్తూనే ఉంటుంది. పైన అలా కొలవడానికి మన పక్కన ఏమీ లేదు. అందరికీ ఇలాగే ఉంటుందని చెప్పలేను, అక్కకి మొదటి నిమిషం కడుపులో తిప్పినట్టు అయిందట, దూరంగా చూడటం మొదలుపెట్టాక సర్దుకుందంది. కిందకి కాకుండా ఆకాశం, నీళ్లు కలిసే గీత వైపు చూడండి, బాగా పనిచేస్తుంది.

ఆ గీత ఎంత దూరం జరిగిపోయిందో! ఒడ్డున నిలబడితే మన చూపు సుమారు నాలుగున్నర కిలోమీటర్ల దాకానే, ఆ తర్వాత భూమి వంపు అడ్డు వస్తుంది. వంద మీటర్ల ఎత్తుకి వెళ్తే అదే చూపు దాదాపు 36 కిలోమీటర్లు వెళ్తుంది. ఒడ్డు నుంచి అస్సలు కనిపించని ఓడలు వరసగా కనిపించాయి. నగరం మొత్తం ఒక సన్నటి పట్టీలా ఒడ్డుకి అతుక్కుని ఉంది.

నేను ఎక్కువసేపు చూసింది మాత్రం నీళ్లనే. ఒడ్డు నుంచి సముద్రం ఒకే రంగు, పైనుంచి చూస్తే ఎన్ని రంగులో. లోతు తక్కువున్న చోట అడుగున ఇసుక వెలుతురుని తిప్పికొట్టడంతో లేత ఆకుపచ్చ, లోతు పెరిగేకొద్దీ నీలం, ఇంకా దూరం వెళ్తే చిక్కటి నీలం. ఎరుపు వైపు రంగుల్ని నీళ్లు ముందుగా పీల్చేసుకుంటాయి, చివరికి మిగిలేది నీలమే. ఇసుక తిన్నెలు నీళ్ల కింద పొడుగ్గా ఎక్కడెక్కడ ఉన్నాయో గీతలు గీసినట్టు తెలుస్తోంది. అలలు ఆ తిన్నెల మీద తెల్లగా విరుగుతుంటే, మధ్యలో ఒకచోట మాత్రం విరగకుండా నున్నగా, కాస్త ముదురు రంగులో ఒక దారి కనిపించింది. అక్కకి చూపించాను. "అక్కడ ప్రశాంతంగా ఉంది కదా, స్నానానికి బాగుంటుంది" అంది. కాదు. ఒడ్డుకి వచ్చిన నీళ్లు వెనక్కి లోపలికి లాగే దారి అది, అలలు లేవు కదా అని మనుషులు దిగేది సరిగ్గా అలాంటి చోటే. అందులో చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకూడదు, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది ఆ లాగుడు నుంచి బయటపడాలి. కిందకి వచ్చాక ఇద్దరం వెళ్లి ఒడ్డున అదే చోట నిలబడి చూశాం. పైనుంచి చూసి ఉండకపోతే మాకు తేడా తెలిసేదే కాదు. పారాసెయిలింగ్ ఏమిచ్చింది అని ఎవరైనా అడిగితే నేను ముందు దీన్నే చెప్తున్నాను.

దించేటప్పుడు బోటు వేగం తగ్గించి మా కాళ్లు నీళ్లకి తగిలేలా చేశారు. ముందే అడిగారు, తడవడం ఇష్టమేనా అని. మళ్లీ వేగం పెంచి పైకి లేపి, వించ్‌తో తాడు చుట్టుకుంటూ డెక్ మీదకి దించారు. కాళ్లు ముందుకి చాపి కూర్చున్న భంగిమలోనే దిగాలి, నిలబడాలని చూడకూడదు. మొత్తం పది నిమిషాల వ్యవహారం.

వెళ్లాలనుకునేవాళ్లు ధర కంటే ముందు తాడు సంగతి అడగండి. ఎండ, ఉప్పు, ఇసుక తాడుని మెల్లగా తినేస్తాయి. ముడి వేసిన చోట ఏ తాడైనా బలం తగ్గుతుంది, అందుకే ముడి ఉన్న కొసని ఎప్పటికప్పుడు కోసేసి కొత్తగా ముడి వేస్తారు. మీరు చివరిసారి ఎప్పుడు కోశారు, తాడు ఎప్పుడు మార్చారు అని అడిగితే బాగా చేసేవాళ్లు ఉత్సాహంగా చెప్తారు. మాకు ఆ కుర్రాడు కొస చేతిలో పెట్టి చూపించాడు కూడా. బోటులో గాలి కొలిచే మీటర్ ఉందా, నడిపే మనిషి కాకుండా వెనక్కి తిరిగి మనల్నే చూస్తుండే ఇంకో మనిషి ఉన్నాడా అన్నవి కూడా చూసుకోండి. ఒక్కడే బోటు నడుపుతూ వించ్ కూడా చూస్తుంటే నేనైతే ఎక్కను. గర్భిణులు, వెన్ను నొప్పి, గుండె జబ్బు ఉన్నవాళ్లు వెళ్లకపోవడమే మంచిది. కళ్లజోడుకి తాడు కట్టుకోండి, ఫోన్ కిందే వదిలేయండి, ఫోటోలు బోటులో వాళ్లు తీస్తారు. తీయకపోయినా పర్లేదు, ఆ పది నిమిషాలు చేతులు ఖాళీగా ఉండాలి.