అగ్గిపెట్టెడు బియ్యం

కొన్నేళ్ల క్రితం నేనొక దుప్పట్ల పంపిణీ కార్యక్రమంలో పాల్గొన్నాను. వరుసలో వచ్చిన ఒక పెద్దావిడ దుప్పటి అందుకొని, ఫొటో తీయడం పూర్తయ్యేదాకా దాన్ని రెండు చేతులతో పట్టుకొని అలాగే నిలబడ్డారు. తరువాత నా వైపు చూసి, “ఇక వెళ్లొచ్చా బాబూ?” అని అడిగారు. చలికాలంలో దుప్పటి అవసరమే, మేము చేసింది మంచి పనే. అయితే తన వంతుగా ఏదైనా ఇచ్చే చోటు ఆమెకు మేము ఎక్కడా మిగల్చలేదన్న సంగతి, శ్రీలంకలోని సర్వోదయ శ్రమదాన ఉద్యమం గురించి చదివిన తరువాతే నాకు తెలిసివచ్చింది.

కొలంబోలోని నలందా కళాశాలలో ఉపాధ్యాయుడిగా పనిచేస్తున్న ఎ. టి. అరియరత్న 1958లో తన విద్యార్థులను, తోటి ఉపాధ్యాయులను వెంటబెట్టుకొని కనతొలువ అనే గ్రామానికి వెళ్లారు. అది రొడియ కులస్థులు నివసించే ఊరు. తరతరాలుగా అంటరానివారిగా వెలివేతకు గురై, భిక్షాటనే బతుకుతెరువుగా మిగిలినవారు వాళ్లు. నగరం నుంచి వెళ్లిన పిల్లలు అక్కడే ఉండి, ఊరివాళ్లతో కలిసి పలుగూ పారా పట్టారు. ఆ శిబిరమే ఉద్యమానికి నాంది. తరువాతి దశాబ్దాల్లో అది 15,000కు పైగా గ్రామాలకు విస్తరించింది.

ఈ కథలో మన నేలకూ చోటుంది. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానని ముందుకు రావడంతో వినోబా భావే భూదానోద్యమం మొదలైంది. అరియరత్న భారతదేశానికి వచ్చి వినోబాను కలిశారు. భూమి ఇవ్వాలంటే భూమి ఉండాలి కదా, శ్రమ మాత్రం సెంటు భూమి లేనివాడి దగ్గర కూడా ఉంటుంది. సర్వోదయమనే మాట గాంధీజీది, దానికి అందరి శ్రేయస్సు అని అర్థం. బౌద్ధుడైన అరియరత్న అందులోని ‘ఉదయ’ను మేల్కొనడంగా గ్రహించి, అందరి మేలుకొలుపు అని చెప్పుకున్నారు.

ఆ మేలుకొలుపును వాళ్లు పల్లెకు అర్థమయ్యే భాషలో పెట్టిన తీరు నన్ను ఎంతగానో ఆకట్టుకుంది. బుద్ధుడు చెప్పిన నాలుగు ఆర్యసత్యాలను ఊరికి అన్వయించారు. పేదరికం, రోగాలు, కొట్లాటలతో కునారిల్లుతున్న ఊరే దుఃఖం; స్వార్థం, పోటీ, ద్వేషం దానికి కారణాలు; ఆ స్థితి మారగలదన్నది మూడో సత్యం; మార్చుకునే దారి నాలుగోది. శిబిరంలో పని చేసేవాళ్లంతా ఒకచోట కూర్చుని మాట్లాడుకునే కుటుంబ సమావేశం ఉంటుంది. అక్కడ కులం, హోదా పక్కనపెట్టి వరుసలతోనే పిలుచుకుంటారు. సింహళంలోనూ అమ్మను అమ్మ అనే అంటారు, అక్కను అక్క అనే అంటారు. ఇది చదివినప్పుడు ఆ ఊళ్లు నాకు ఒక్కసారిగా దగ్గరైపోయాయి.

చిన్నపిల్లల బడిలో వాళ్లు పాటించే పద్ధతి ఒకటుంది. ప్రతి పిల్లవాడూ ఇంటి నుంచి ఒక అగ్గిపెట్టెలో పట్టేటన్ని బియ్యమో పప్పో తెచ్చి, అందరూ కలిసి తినే వంటలో వేస్తాడు. ఎంత లేని ఇంట్లోనైనా అగ్గిపెట్టెడు గింజలు దొరుకుతాయి. ఆ గింజలతో వంట ఎంత అవుతుందన్నది అసలు విషయమే కాదు. తినడానికి కూర్చున్న ప్రతి బిడ్డా ఆ అన్నంలో తన వంతు పెట్టినవాడే. దానమనే గుణం డబ్బున్నవాడి సొత్తు కాదని మూడేళ్ల పిల్లలకు ఉపన్యాసం లేకుండా చెప్పడానికి ఇంతకంటే మంచి మార్గం నాకు తోచదు.

గ్రామ స్వావలంబనను వాళ్లు ఐదు దశలుగా విభజించుకున్నారు. మొదట శ్రమదానం, దానితో మనుషుల మధ్య నమ్మకం. తరువాత పిల్లలు, తల్లులు, యువకులు, రైతుల సంఘాలు. మూడో దశలో ఊరివాళ్లే తమ సంఘాన్ని చట్టప్రకారం నమోదు చేసుకొని, నీరు, ఆరోగ్యం వంటి కనీస అవసరాలు చూసుకుంటారు. పొదుపు, రుణాలు, ఉపాధి నాలుగో దశలో వస్తాయి. ఐదో దశకు చేరిన ఊరు పక్క ఊళ్లకు చేయూతనివ్వాలి. డబ్బును నాలుగో మెట్టు మీద పెట్టడమే ఇందులో కీలకమని నా అభిప్రాయం. ఒకరినొకరు నమ్మని ఊళ్లో అప్పు ఇస్తే అప్పే మిగులుతుంది. ముందు కలిసి బావి తవ్వుకున్నవాళ్లయితే, పక్కవాడు వాయిదా కట్టలేకపోయిన నెలలో అతని గుమ్మం ముందు గొడవకు దిగరు, ఏం జరిగిందని అడుగుతారు.

ఈ ఉద్యమానికి కష్టకాలం రాకపోలేదు. విదేశీ దాతల నిధులతో పెద్దఎత్తున విస్తరించిన సంస్థకు 1990లలో ఆ నిధులు బాగా తగ్గిపోయాయి. దాతలకు లెక్కకు అందే ఫలితాలు కావాలి, మేలుకొలుపు ఏ పట్టికలోనూ ఇమడదు. ఊళ్లకు స్వయంసమృద్ధి నేర్పే సంస్థే పరాయి డబ్బుపై ఆధారపడటం నన్ను బాధపెట్టింది. అయినా గ్రామ సంఘాలు ఊరివాళ్ల పేరునే నమోదై ఉండటం వల్ల, పైనుంచి నిధులు తగ్గినా కింద నిలబడేందుకు ఒక ఆధారం మిగిలిందని నేను అనుకుంటున్నాను.

అరియరత్న 2024 ఏప్రిల్ 16న, 92 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఈసారి మా బృందం దుప్పట్ల గురించి మాట్లాడుకోవడానికి కూర్చున్నప్పుడు, ముందుగా ఆ పెద్దావిడ ఉండే వాడకు వెళ్లి, అక్కడివాళ్లతో కలిసి మేము ఏ పని చేయవచ్చో వాళ్లనే అడుగుదామని చెప్పాను. వచ్చే ఆదివారం వెళ్తున్నాము.