ఆన్సర్ షీట్లు మెయిల్ చేసే ముందు

గ్రూప్-1 మెయిన్స్‌కు నేను ఇంటి దగ్గరే చదివాను. నా జవాబులు దిద్దిపెట్టడానికి సీనియర్ అన్నయ్య ఒకరు ఒప్పుకున్నారు. రాసిన రోజే, రాత్రి పదిలోపు మెయిల్ చేయాలన్నది ఆయన షరతు. మూడు గంటలు రాయడం ఒక ఎత్తు, వాటిని పంపడం ఒక ఎత్తు.

మొదటి టెస్టుకు 24 పేజీలు ఫోనుతో ఫొటోలు తీశాను. పేజీకి 4 ఎంబీ చొప్పున 96 ఎంబీ అయింది. జీమెయిల్‌లో అటాచ్‌మెంట్ పరిమితి 25 ఎంబీ. పైగా మెయిల్‌లో వెళ్లేటప్పుడు ఫైలు అక్షరాల రూపంలోకి మారి మూడో వంతు దాకా పెరుగుతుంది. అందుకే 18 దాటకుండా చూసుకుంటే నిశ్చింత. జిప్ చేశాను, 95 దగ్గర ఆగింది. ఫోను ఫొటోలు జేపీజీ ఫైళ్లు, జేపీజీ అంటేనే ముందే కుదించిన ఫైలు. పిండి ఆరేసిన బట్టను మళ్లీ పిండితే నీళ్లెక్కడివి?

తర్వాత స్కానింగ్ యాప్‌లో నలుపు-తెలుపు మోడ్ పెట్టాను. మొత్తం 3 ఎంబీ! గర్వంగా పంపాను. పొద్దున్నే జవాబొచ్చింది: "రెండో ప్రశ్నకు మ్యాపు వేయలేదేం?"

వేశాను. గోదావరిని, అందులో ప్రాణహిత, ఇంద్రావతి, శబరి కలిసే చోట్లను పెన్సిల్‌తో గీశాను. ఆ మోడ్‌లో ప్రతి చుక్కా నలుపో తెలుపో కావాల్సిందే. నా లేత పెన్సిల్ గీతలన్నీ తెలుపులో కలిసిపోయాయి. పెన్నుతో రాసిన నదుల పేర్లు మాత్రం నదులు లేకుండా కాగితం మీద తేలుతున్నాయి.

ఆ తర్వాత గ్రేస్కేల్ (నలుపు తెలుపుల మధ్య బూడిద ఛాయలూ ఉండే మోడ్), 150 డీపీఐకి (అంగుళానికి ఎన్ని చుక్కలో చెప్పే లెక్క) మారాను. ఏ4 పేజీ 300 డీపీఐలో 2480×3508 పిక్సెళ్లు, 150లో 1240×1754. డీపీఐ సగమైతే పిక్సెళ్లు నాలుగో వంతుకు పడిపోతాయి. చేతిరాత చదవడానికి అది చాలు. ఇంకొకటి, నేను పేజీలను పూల దుప్పటి మీద పరిచి ఫొటో తీసేవాణ్ని. ఆ పూలకూ కేబీలు ఖర్చవుతాయి. కాగితం అంచుల దాకా కత్తిరించండి. నా 24 పేజీలు 6 ఎంబీలోపే వచ్చాయి. పంపే ముందు అన్నిటికన్నా చిన్న అక్షరాన్ని, లేత గీతను పెద్దది చేసి చూడండి.

దరఖాస్తుల సంగతి వేరు. బ్యాంకు ఉద్యోగాల పరీక్షలు పెట్టే ఐబీపీఎస్‌కు ఫొటో 20–50 కేబీ, సంతకం 10–20 కేబీ మధ్య ఉండాలి. అంటే మరీ తగ్గించినా కుదరదు. ఆధార్, టెన్త్ మెమో లాంటివి కుదించడానికి ముక్కూమొహం తెలియని సైట్లలో ఎక్కించకండి. ఫోనులోనే చేసుకోవచ్చు. కుదించే ముందు అసలు ఫైలును వేరే ఫోల్డర్‌లో ఉంచుకోండి.

అన్నట్టు, ఆ మ్యాపును మళ్లీ పంపాను. ఈసారి స్పష్టంగా కనిపించింది. పదికి నాలుగు వేశారు. శబరిని కుడి ఒడ్డున కలిపానట.