మణికట్టు తిమ్మిరి, కీబోర్డు కాళ్లు

రోజంతా ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ లిపుల కోసం ప్రామాణికంగా పెట్టిన మీటల అమరిక) కీబోర్డుపై తెలుగు టైపు చేసే నాకు ఈ మధ్య అర్ధరాత్రి కుడి చేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి మెలకువ వచ్చేది. చిటికెన వేలికి మాత్రం ఏమీ లేదని చెప్పగానే, ఆ మూడు వేళ్లకు స్పర్శనిచ్చే మీడియన్ నాడి మణికట్టులోని ఇరుకుదారిలో నలుగుతోందని, చిటికెన వేలికి స్పర్శనిచ్చే నాడి వేరే దారిలో వెళుతుందని డాక్టరమ్మ వివరించారు. నిద్రలో మణికట్టు మడతపడితే ఆ ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి, రాత్రిపూట దాన్ని తిన్నగా ఉంచే పట్టీ కట్టుకోమన్నారు. మాత్రల కన్నా నాకు మేలు చేసింది అదే.

కీబోర్డు వెనక కాళ్లు కూడా మడిచేశాను. అవి లేచి ఉంటే మణికట్టు పైకి వంగుతుంది. అసలు వాటిని ఎందుకు పెడతారో నాకైతే అర్థం కాదు. 'స్త్ర' అనే ఒక్క అక్షరాన్ని విడివిడిగా కొడితే ఐదు మీటలు నొక్కాలి, అందులో పొల్లు కోసం ఎడమ మధ్యవేలు రెండుసార్లు కదలాలి కనుక, మన లిపిలో పనిచేసేవారికి విరామాలు మరీ అవసరం. ఖ, ఘ, ధ, భ వంటి అక్షరాలకు షిఫ్టును అదిమిపట్టే పని లేకుండా విండోస్‌లో స్టికీ కీస్ (షిఫ్టును ఒకసారి నొక్కి వదిలేసి, తర్వాత అక్షరం మీట నొక్కితే చాలనే సదుపాయం) పెట్టుకున్నాక చిటికెన వేలికీ శ్రమ తగ్గింది. తిమ్మిరి పగలు కూడా వదలకపోయినా, చేతిలోని వస్తువులు జారిపోతున్నా, బొటనవేలి మొదట్లో కండ పలచబడుతున్నా, పట్టీతో కాలక్షేపం చేయకుండా నాడుల పరీక్ష చేయించుకోవాలి.