గొళ్ళెం కింద రంగు

మా నాన్న రాజమండ్రిలో టేకు తలుపులకీ బీరువాలకీ పాలిష్ పట్టేవారు. రాత్రి లక్క స్పిరిట్‌లో నానేసి, పొద్దున్నే పాత పంచె చింపి గుడ్డ ఉండ చేసుకుని మొదలెట్టేవారు. ఆ వాసనలోనే పెరిగాను. ఇంజనీరింగ్ చదివి, పెళ్ళయి, భర్త ఉద్యోగం మీద ఆధారపడిన హెచ్4 వీసా మీద ఒహాయోలోని కొలంబస్ వచ్చాక ఏళ్ళ తరబడి ఇంట్లోనే ఉన్నాను. గ్రీన్‌కార్డు వరసలో ఉన్నవాళ్ళ జీవిత భాగస్వాములకి పనిచేసే అనుమతి 2015లో మొదలైంది. అది నా చేతికొచ్చాక అందరూ సాఫ్ట్‌వేర్ కోర్సు చెయ్యమన్నారు. నేను పాత ఫర్నిచర్ బాగుచేసే షాపులో చేరాను. ఇప్పటికీ ఉగాది సంబరాల్లో ఎవరో ఒకరు "చెక్క పనా?" అని అడుగుతారు. అవును, చెక్క పనే. నాకు ప్రాణమైన పని.

షాపుకి కుర్చీలూ బల్లలూ చాలా వస్తాయి గానీ నా బల్ల మీదికి ఎక్కువగా వచ్చేవి 1950ల నాటి టీవీల చెక్క పెట్టెలు. మా పక్కనే హిలియర్డ్‌లో పాత టీవీల మ్యూజియం ఉంది. అందుకేనేమో ఈ చుట్టుపక్కల వాటిని దాచుకునేవాళ్ళు కనిపిస్తుంటారు. ఆ రోజుల్లో ముదురు రంగు సామాను పాతబడి, ఎండుగడ్డి రంగు సామాను మీదికి జనం మనసు మళ్ళింది. మసాచుసెట్స్‌కి చెందిన హేవుడ్-వేక్‌ఫీల్డ్ వాళ్ళు బిర్చ్ చెక్కతో చేసిన ఫర్నిచర్‌ని 'వీట్', 'షాంపేన్' అనే రంగుల్లో అమ్మారు. టీవీ కంపెనీలూ అదే దారి పట్టాయి. ఒకే టీవీ, కావాలంటే మహాగని రంగులో, లేదంటే బ్లాండ్‌లో, అంటే ఆ ఎండుగడ్డి రంగులో. 1958లో వచ్చిన ఫిల్కో ప్రెడిక్టా టీవీ కూడా అలాగే రెండు రకాలుగా దొరికేది.

కానీ బిర్చ్ పుట్టుకతోనే తెల్లని చెక్క. ఈ టీవీ పెట్టెల సంగతి వేరు. చాలావాటిలో లోపలున్నది ఎర్రటి మహాగని పొరే. దాన్ని బ్లీచ్ చేసో, నైట్రోసెల్యులోజ్ లాకర్ అనే మెరుగుపూతలో తెల్లటి, పసుపుపచ్చటి రంగుపొడి కలిపి స్ప్రే గన్‌తో కొట్టో ఆ రంగు తెచ్చేవారు. నాకు తెలిసిన పాలిష్ చెక్కలో ఉన్న రంగునే పైకి తెచ్చేది. ఇక్కడ రంగంతా పూతలోనే ఉంది.

చేరిన మొదటి ఏడాది అది తెలియక ఒక పెట్టె పాడు చేశాను. పూత అంతా బీటలు వారి ఉంది. ఊడదీసే మందు రాసి, కాసేపు ఆగి, గీకేశాను. గంట తిరిగేసరికి నా ముందు ఇటుకరాయంత ఎర్రటి పెట్టె. కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఆ రాత్రి నాన్నకి ఫోన్ చేసి ఏడ్చాను.

"ఊడదీసే ముందు గొళ్ళెం కింద చూశావా అమ్మా?" అన్నారు.

"దీనికి గొళ్ళెం ఉండదు నాన్నా, టీవీ కదా."

"గుబ్బలో, పట్టీలో ఏవో ఉంటాయి కదే. ఎండా చెయ్యీ తగలని చోటు చూస్తేనే అసలు రంగు తెలిసేది."

ఆ పెట్టెని కాస్టిక్ సోడా, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిసిన బ్లీచ్‌తో తెల్లబరిచి, వెనిగర్ నీళ్ళతో కడిగి, మూడు వారాలు కుస్తీపట్టి రంగు కొట్టాను. తీసుకెళ్ళడానికొచ్చిన పెద్దావిడ చాలాసేపు చూసి, "బాగుంది. మా అమ్మ టీవీ మాత్రం కాదు" అంది. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

ఇప్పుడు పెట్టె వచ్చిందంటే నా చేతిలోకి ముందు వచ్చేది స్క్రూడ్రైవర్. మా షాపులో ఎలక్ట్రానిక్స్ తెలిసినాయన పిక్చర్ ట్యూబూ, లోపలి భాగాలన్నీ బిగించిన ఛాసిస్సూ తీసేదాకా నేను ముట్టుకోను. ఆగిపోయిన టీవీలో కూడా కరెంటు నిలవుండి కొడుతుంది. తర్వాత తెర చుట్టూ ఉన్న ఇత్తడి పట్టీ విప్పుతాను. దాని కింద వేలెడు వెడల్పు గీత. డెబ్బై ఏళ్ళు వెలుతురు తగలని ఆ గీత గంజిలో చిటికెడు పసుపు కలిపినట్టు ఉంటుంది. పక్కనున్నదంతా తేనె రంగుకి తిరిగిపోయి ఉంటుంది. లాకర్ వయసుతో పసుపుబారుతుంది, పైగా ఇంట్లో సిగరెట్ పొగ.

ముందు జిడ్డు వదిలించే నాఫ్తా ద్రావకంతో, తర్వాత రెండు చుక్కల సబ్బు వేసిన నీళ్ళతో తుడుస్తాను. గుడ్డ టీ డికాషన్‌లో ముంచినట్టు తయారవుతుంది. సగం పెట్టెలకి అంతకుమించి ఏమీ అక్కర్లేదు. బీటలుంటే థిన్నర్ తగిలించి పాత పూతనే కరిగించి సర్దుతాను. చెక్క ఊడిపోయిన చోట అతుకు వేసి, అట్టముక్క మీద రంగు కలిపి చూసుకుంటాను: తెలుపు, పసుపుమన్ను, రవంత గోధుమరంగు. పల్చగా కొట్టడం, ఆరనివ్వడం, పగటి వెలుగులో చూడడం. జూలైలో ఇక్కడ గాలి నిండా తేమ. అలాంటి రోజు కొడితే పూత పాలు చల్లినట్టు తెల్లబారుతుంది. ఆ రోజుల్లో గన్ పట్టను.

కొందరు మొత్తం ఊడదీసి కొత్తదానిలా చెయ్యమంటారు. పట్టీ కింది గీత చూపించి, ఆ తేనె రంగు కూడా దానిదేనని చెప్తాను. చాలామంది ఒప్పుకుంటారు. ఒప్పుకోనివాళ్ళ పెట్టెలకీ ఒకటి మాత్రం తప్పకుండా చేస్తాను. గన్ పట్టేముందు ఆ గీత మీద టేపు అంటిస్తాను. రేపు ఇంకెవరైనా విప్పితే వాళ్ళకి అసలు రంగు దొరకాలి. పని అయ్యాక టేపు తీసి, ఇత్తడి పట్టీ మళ్ళీ బిగిస్తాను. మొదటిసారి అలా చేసినప్పుడు ఆ గీతని ఫొటో తీసి నాన్నకి పంపాను.